మూగపెట్టె

శ్రీవారికి,

మీకంటే ముందు ఈ ఉత్తరం విప్పి చదివే జైలు అధికారిగారికి ఒక నమస్కారం. పోయినసారి నేను రాసిన రెండు వాక్యాల మీద నల్లసిరా పూశారని రాశారు కదా, అవి మన పిల్ల పిచ్చుకకి ఊడిన పన్ను గురించినవి. అందులో ఆయనకి ఏ కుట్ర కనిపించిందో మరి! ఈసారి ఆయన తీరిగ్గా చదువుకోవచ్చు. ఇందులో ఉన్నది చాలావరకు కోర్టుకి ఇప్పటికే తెలుసు, మిగతాది వచ్చే వాయిదాకి తెలుస్తుంది. తెలియనిది మీకొక్కరికే.

ఇక్కడ ముగ్గురం లేచి తిరుగుతున్నాం. "క్షేమం" అన్న మాట దగ్గర కలం ఆగింది. పక్కనే కూర్చున్న అత్తయ్యగారు అది చూసి, "రాయవే. రాయకపోతే వాడు అక్కడ లేనిపోనివన్నీ ఊహించుకుంటాడు" అన్నారు. కాబట్టి క్షేమం. మీ దగ్గు ఎలా ఉంది? నేను పంపిన ఉన్ని బనీను మీ చేతికి అందిందో లేదో రాయలేదు. అందకపోతే గట్టిగా అడగండి. మీకు అడగడం చేతకాదు, అదే మీతో వచ్చిన చిక్కు.

మీరు అడిగినవాటికి జవాబులు. అత్తయ్యగారి మోకాలి వాపు సగానికి తీసింది. కర్ర కొనిస్తే దాన్ని తలుపు మూల నిలబెట్టి, తను గోడ పట్టుకుని నడుస్తున్నారు. హాల్లోంచి వంటింటి దాకా గోడ మీద ఆవిడ అరచేతి ఎత్తున ఒక మరక చారలా పడింది. సున్నం వేయిద్దామంటే, "ఉండనీ, చీకట్లో దారి తెలుస్తుంది" అంటున్నారు. వెనక గదిలో పైకప్పు కారడం ఆగింది. పక్కింటి వడ్రంగి ఎక్కి రేకు సరిచేశాడు. మాట్లాడకుండా ఎక్కాడు, మాట్లాడకుండా దిగాడు. ఇప్పుడు మనతో చాలామంది అలాగే ఉంటున్నారు. సాయం చేస్తారు, మొహం చూడరు.

పిచ్చుక బడికి వెళ్తోంది. బడిలో ఎవరైనా ఏమైనా అంటున్నారా అని అడిగారు. అబద్ధం చెప్పను. ఆమధ్య కొత్త టీచరు ఒక్కొక్కరినీ లేపి, మీ నాన్న ఏం చేస్తారని అడిగిందట. పాపం ఆవిడకి సంగతి తెలియదు. మనది టకీమని లేచి, "మా నాన్న కాలని ప్లాస్టిక్ చేస్తాడు" అందట. క్లాసంతా గొల్లుమంది. ఇంటికొచ్చి చెప్పినప్పుడు ఏడవలేదు. పెన్సిలు చెక్కుకుంటూ, "ఎందుకు నవ్వారమ్మా?" అని మాత్రం అడిగింది. తొమ్మిదేళ్ళ పిల్లకి ఏం చెప్పను? నాకే తిన్నగా తెలియలేదు అప్పటికి.

మీ ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచారు. గేటు మీద కొత్త పేరు, కొత్త రంగు. లోపల అవే మెషీన్లు. మిక్సింగ్ షెడ్డువాళ్ళు పొద్దున మన వీధిలోంచే వెళ్తారు. ఇదివరకు "సారు లేచారా అమ్మా" అని పలకరించేవాళ్ళు ఇప్పుడు మనిల్లు రాగానే అవతలి పక్కకి దాటుతున్నారు. బొగ్గుదొర ఒక్కడే ఆగుతాడు. చెవుల వెనక ఆ నల్లపొడి అలాగే ఉంది. ఆయనకి ఆ పేరు పెట్టింది మీరే కదా. ఇప్పటికీ దానికే పలుకుతున్నాడు. ఆయన గురించి ఇంకా చెప్పాలి, ఆగండి.

ఇక మూగపెట్టె. వరసగా మూడు ఉత్తరాల్లో దాని గురించే అడిగారు. "తీశావా? పరీక్షకి ఇచ్చావా? అది ఒక్కటి చాలు నేను బయటపడటానికి" అని. రెండుసార్లు నేను, స్క్రూలు తుప్పుపట్టి రావడం లేదు, మనిషి దొరకలేదు అని రాశాను.

ఏమండీ, అవి అబద్ధాలు. స్క్రూలు మొదటిరోజే వచ్చేశాయి.

మీరు ఆ పెట్టెని ఇంటికి తెచ్చిన సాయంత్రం నాకు కళ్ళకి కట్టినట్టుంది. కరెంటు పోయి ఇన్వర్టరు నడిచినప్పుడల్లా అత్తయ్యగారి రేడియో ఈగల గుంపులా జుయ్యిమనేది. ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "వార్తలవాడికి జలుబు చేసిందర్రా" అనేవారు. మీరు నల్లటి ప్లాస్టిక్ పెట్టె ఒకటి తెచ్చి ఇన్వర్టరుకి తొడుగులా బిగించారు. అంతే, రేడియో తేరుకుంది. పిచ్చుక ఆ పెట్టెని వేలితో కొట్టి చూసి "ఇది మూగపెట్టె" అంది. ఆ రోజు మీ మొహంలో వెలుగు చూడాలి! నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. ప్లాస్టిక్‌లో కరెంటు పారే సన్నటి నల్ల పోగులు కలిపామని, లోపలి విద్యుత్ గోల బయటికి రాదని, బయటిది లోపలికి పోదని, ఆసుపత్రుల్లో ఊపిరి అందించే మెషీన్లకి ఇవే తొడుగులని, పక్కన ఎవరి ఫోను మోగినా ఆ మెషీను ఇక తికమక పడదని. పైగా తెల్లపొడి కూడా కలిపాం కాబట్టి లోపల నిప్పు పుట్టినా పెట్టె అంటుకోదు, దానంతటదే ఆరిపోతుంది అన్నారు.

"ఒకే ముద్దలో రెండూ పడతాయా?" అని అడిగాను.

"అక్కడే కదా మా తంటా" అని నవ్వారు. "పోగులు ఎక్కువైతే పొడికి చోటుండదు. పొడి ఎక్కువైతే పెట్టె బిస్కెట్టులా విరుగుతుంది."

ఆ నవ్వే నాకు తరవాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ఆసుపత్రి వార్డులో మంట లేచి నలుగురు పోయాక, పోలీసులు మిమ్మల్ని తీసుకెళ్ళాక, కంపెనీవాళ్ళు కోర్టుకిచ్చిన నమూనాలకి నిప్పు పెట్టి చూస్తే చక్కగా ఆరిపోయాయి. ఎదుటి లాయరు అవి వేరే సరుకన్నాడు. వార్డులో కాలినవి బూడిదయ్యాయి. మిగతా ఆసుపత్రులేమో, రోగులు వాటిమీదే బతుకుతున్నారు, విప్పి ఇవ్వలేమన్నాయి. మీరు, కంపెనీ ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు: తొడుగు మంచిదే, పరుపులూ ఆక్సిజనూ కలిసి మంటని పెంచాయి అని. అప్పుడు మీకు మూగపెట్టె గుర్తొచ్చింది. వార్డుకి పంపిన సరుకు విడత అంకే దీని లోపల కూడా అచ్చుపడి ఉంది. కంపెనీ చెయ్యి తగలని ముక్క అదొక్కటే.

విప్పేముందు అత్తయ్యగారిని అడిగాను. అది ఆవిడ మంచం తలాపున కదా ఉన్నది. "రేడియో మళ్ళీ మొదలుపెడుతుంది అత్తయ్యా" అన్నాను. ఆవిడ, "నా కొడుకు ఇంటికొస్తాడంటే రేడియో పగలగొట్టి ఇమ్మన్నా ఇస్తాను" అన్నారు. నేను విప్పుతుంటే టార్చి ఆవిడే పట్టుకున్నారు.

మన ప్లీడరుగారు, నేను కలిసి దాన్ని పరీక్షల కేంద్రానికి తీసుకెళ్ళాం. అక్కడ పరీక్ష చేసేది ఒక పెద్దావిడ. పెట్టెలో ఒక పక్కని రంపంతో కోసి, సన్నటి బద్దలు చేసింది. గాజు తలుపున్న అరలో ఒక బద్దని నిలువుగా వేలాడదీసి, కింద పలచగా దూది పరిచింది. బద్ద కొసకి చిన్న నీలిమంట పెట్టి తీసేసింది. మంచి సరుకైతే అక్కడితో ఆరిపోవాలి, దూది తెల్లగా ఉండాలి అని ముందే చెప్పింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మనసులో మీతోనే మాట్లాడుతున్నాను, చూడండి, ఇదిగో ఇప్పుడు ఆరుతుంది, అని.

ఆరలేదు. పసుపుపచ్చగా అంచులు పట్టుకుని పైకి పాకింది. వేలాడదీసిన కొక్కెం దాకా పోయింది. కాలుతున్న పెళ్ళ ఒకటి రాలి దూది అంటుకుంది.

"ఒక్కోసారి ఒకటి తేడాగా రావచ్చు" అన్నారు ప్లీడరుగారు. ఆవిడ రెండోది కట్టింది. తరవాత ఇంకోటి. కోసిన బద్దలన్నీ అయ్యేదాకా చూశాం. అన్నీ ఒకలాగే కాలాయి. చివరికి ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "పొడి చాలలేదమ్మా. పోగులేమో వత్తిలా మంటని పైకి లాగుతున్నాయి" అంది. మీ అమ్మ తల దగ్గర ఇన్నాళ్ళూ ఏముందో అప్పుడు తెలిసింది.

బయటికొచ్చాక ప్లీడరుగారు కారు తలుపు తీసి పట్టుకుని చెప్పారు. "ఈ పరీక్ష జరగలేదనుకోండి. మనకోసం మనం చేయించుకున్నాం. చూపించి తీరాలని ఎవరూ అడగరు. మిగిలిన పెట్టె ఎక్కడైనా పారేయండి."

"మరి మిగతా ఆసుపత్రుల్లో ఉన్నవి?"

"అమ్మా, నేను మీ ఆయన తరఫు ప్లీడర్ని. ఊరందరి తరఫునా కాదు."

మిగిలిన పెట్టెని గొడుగుల సంచీలో చుట్టి మెట్లకింద పెట్టాను. పారెయ్యలేదు, చూపించలేదు. మీకు స్క్రూలు రావడం లేదని రాశాను. అత్తయ్యగారికి ఫలితం ఇంకా రాలేదన్నాను. ఆ రోజుల్లో వంట మాడిపోయేది, పిచ్చుక జడ ఒకవైపు ఎత్తుగా ఒకవైపు పల్లంగా వేసేదాన్ని. మంట ముందు నిలబడితే ఆ బద్దే కనిపించేది.

బొగ్గుదొరని పట్టుకుని అడిగేశాను. మన గుమ్మంలో నిలబెట్టి, "ఆ సరుకు కలిపింది నువ్వే కదా, ఏం జరిగింది?" అన్నాను.

"సారు చెడ్డమనిషి కాదమ్మా" అన్నాడు. "పెట్టెలు స్క్రూ బిగిస్తుంటే పగులుతున్నాయని కొన్నవాళ్ళు వెనక్కి తిప్పికొట్టారు. పోగులు తగ్గిద్దామంటే గోల ఆగదు. పైవాళ్ళు సారుని పీక్కుతిన్నారు. ఒకరోజు ఆయనే షెడ్డులోకొచ్చి, తెల్లపొడి కాస్త తగ్గించి కలపండి, ఆ కాస్తకి ఏం కాదులే అన్నారు. కలిపాం. పగలడం ఆగిపోయింది. అందరికీ టీ తెప్పించారు కూడా."

"కొత్త కలుపుని మంట పరీక్షకి పంపారా?"

"పాతదానికే కాగితం ఉందిగా అన్నారమ్మా. పంపలేదు."

ఏమండీ, ఈ సంగతి మీరు ఏ ఉత్తరంలోనూ రాయలేదు. కోర్టులోనూ చెప్పలేదు. నేను దీన్ని పక్కమీద ఇటు దొర్లి అటు దొర్లి ఆలోచించాను. తెలిసి మోసం చేసినవాడు ఆ పెట్టెని కన్నతల్లి తలాపున బిగించడు. దాన్ని పరీక్షించమని జైల్లోంచి పదేపదే రాయడు. ఆ కాస్తకి ఏం కాదని మీరు నిజంగానే నమ్మారు. ఇప్పటికీ నమ్ముతున్నారు. ఆ మాట ఒక్కటే పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. కానీ చెప్పకుండా దాటేశారు చూడండి, అది మాత్రం నమ్మకం కాదు. అదేమిటో మీకే తెలియాలి.

ఆమధ్య ఒక వాయిదాకి నేను కోర్టు వసారాలో బల్ల మీద కూర్చున్నాను. పక్కన ఒక టైలరు వచ్చి కూర్చున్నాడు. మెడలో టేపు తియ్యడం మరిచిపోయి అలాగే వచ్చినట్టున్నాడు. నేనెవరో ఆయనకి తెలుసు. ఆయనెవరో నాకు తెలుసు. వార్డులో పోయినవాళ్ళలో ఒకడు ఆయన తమ్ముడు. నేను లేచి వెళ్ళబోతే, "కూర్చోండమ్మా" అన్నాడు. ఎవరూ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆరోజు నాకు ఫోనొచ్చింది. మెషీనుకి ఇబ్బంది అవుతుందేమోనని బయటికెళ్ళి మాట్లాడాను. ఏం ఫరవాలేదు, ఈ మెషీన్ల దగ్గర మాట్లాడుకోవచ్చని నర్సు ఎప్పుడూ చెప్పేది. అయినా నాకు భయం, అలవాటు. గుండీల గురించి ఫోనది. ఏ రంగు గుండీలని. మాట్లాడి వచ్చేసరికి తలుపు కింద నుంచి పొగ."

ఆయన టేపు కొసని వేలికి చుట్టుకున్నాడు.

"మా వీధి పిల్ల ఒకతె ఉంది" అన్నాడు. "వేరే ఆసుపత్రిలో ఉంది. మెడ నుంచి కిందకి కదలదు. అదే మెషీను, అదే నల్లపెట్టె. రోజూ పొద్దున్నే వెళ్ళి దాని మంచం పక్కన బకెట్టుతో నీళ్ళు పెట్టి వస్తున్నా. నర్సు తిట్టి తీసేస్తుంది, కరెంటు మెషీను మీద నీళ్ళు పొయ్యకూడదట. మర్నాడు మళ్ళీ పెడతాను. ఇంకేం చెయ్యాలో తెలియడం లేదమ్మా. మీకేమైనా తెలుసా?"

ఆయన ఎత్తిపొడవలేదు. నిజంగానే అడిగాడు. నాకు తెలుసు. మెట్లకింద గొడుగుల సంచీలో ఉంది.

ఇంటికొచ్చి అత్తయ్యగారికి మొత్తం చెప్పాను. ఆవిడ రేడియో కట్టేసి విన్నారు. తరవాత, "వాడు ఇంటికి రావడం ఇంకా ఆలస్యమవుతుందా?" అన్నారు. అవుతుందన్నాను. అప్పుడు మొహం గోడవైపు తిప్పుకుని పడుకున్నారు. అన్నం తినమంటే తినలేదు. పొద్దున నేను సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటుతుంటే వద్దనలేదు. వెళ్ళమనీ అనలేదు.

ప్రభుత్వం తరఫు లాయరుకి ఇచ్చాను. ఆయన పెట్టెనీ నన్నూ మార్చి మార్చి చూసి, "మీకు తెలిసే ఇస్తున్నారా?" అన్నాడు. నన్ను జడ్జిగారి ముందు నిలబెట్టారు, ఆరోజు మిమ్మల్ని జైలునుంచి తీసుకురాలేదు. ఇది ఎక్కడిది, ఎవరు బిగించారు, ఎవరు విప్పారు అని అడిగితే చెప్పాను. బొగ్గుదొర చెప్పిన మాట మాత్రం నేను చెప్పలేదు. మన ప్లీడరుగారు లేచి నా మీదే అరిచారు. ఆయన ఇక ఈ కేసు చూడనన్నారు. ఇంకొకరి కోసం తిరుగుతున్నాను. కోర్టు మళ్ళీ పరీక్ష చేయించింది. ఫలితం అదే వచ్చింది. ఆ అంకె ఉన్న తొడుగులన్నీ వెంటనే మార్చమని ఆర్డరు వేశారు. మీకు బెయిలు మాట ఇక ఎవరూ ఎత్తరు. శిక్ష పడేలాగే ఉంది. ఎదుటి లాయర్లు కూడా అదే అంటున్నారు, మెల్లగా, నాకు వినిపించకూడదన్నట్టు.

టైలరు వచ్చి రమ్మంటే ఆ పిల్ల ఉన్న ఆసుపత్రికి వెళ్ళాను. పిల్లంటే పిల్ల కాదు, ఇరవై ఏళ్ళుంటాయి. కళ్ళతో నవ్వుతుంది. మెకానిక్కు మెషీను ఆపాక, నర్సు రబ్బరు సంచీ ఒకటి గొట్టానికి తగిలించి చేత్తో నొక్కుతూ నిలబడింది. నొక్కినప్పుడల్లా ఆ పిల్ల ఛాతీ లేస్తోంది. తొడుగు విప్పి కొత్తది బిగించేదాకా నర్సు తల తిప్పలేదు, రెప్ప వెయ్యలేదు. మెకానిక్కు పాతదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నా చేతికిచ్చాడు. మీరు చేసింది. ఎంత తేలిగ్గా ఉందో! అంచులు ఎంత నునుపుగా తీర్చారో! పగులన్నదే లేదు. అది పట్టుకుని నేను అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చాను. నర్సు నన్ను రోగి తాలూకు మనిషి అనుకుని, "అయిపోయిందమ్మా, ఊపిరి ఆడుతోంది చూడండి" అంది.

మీకు కోపం వస్తుంది. రావాలి కూడా. "నా భార్యే నన్ను ముంచింది" అని మీరు ఆ గదిలో మిగతావాళ్ళతో చెప్పుకున్నా నేను తప్పుపట్టను. కానీ ఎవరో చెప్పగా వినకూడదని రాస్తున్నాను.

ఇంకొక్కటుంది. బొగ్గుదొరని సాక్ష్యానికి పిలిచారు. వచ్చే వాయిదాకి వస్తాడు. "సారు ముందు మాట్లాడితే బాగుండునమ్మా, ఆయన మీద నేను చెప్పలేను" అని మన గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. ఆయన నోటివెంట రాకముందే ఆ మాట మీ నోటివెంట రావాలి. పొడి తగ్గించమన్నది నేనే, పరీక్షకి పంపనిది నేనే అని చెప్పండి. ఎవరు పీక్కుతిన్నారో అది కూడా చెప్పండి, పేరుపేరునా చెప్పండి. శిక్ష తగ్గుతుందని ఆశపడి చెప్పమనడం లేదు. తగ్గదేమో. పిచ్చుక పెద్దదై అడిగితే, మీ నాన్నే లేచి చెప్పాడు అని నేను దానితో అనగలగాలి.

అత్తయ్యగారు నిన్న స్నానం చేసొచ్చి నా పక్కన కూర్చున్నారు. "రాయి. నేను కూడా కోర్టుకొస్తున్నానని రాయి. వాడు చెబితే వింటాను. చెప్పకపోతే చెప్పకపోవడం కూడా వింటాను" అన్నారు. అదే మాటగా రాశాను.

ఇద్దరం ఎడమవైపు బల్లల మీద కూర్చుంటాం. మీరు మాట్లాడేటప్పుడు మావైపు చూడకండి, గొంతు ఆగిపోతుంది. జడ్జిగారి వైపే చూసి చెప్పండి. అంతా చెప్పాక, అప్పుడు ఇటు తిరగండి.

ఇట్లు,
కోపమూ బెంగా రెండూ తీరని
మీ ఇల్లాలు